అశ్వహృదయము: ఒక డీజిలు రైలింజను జాతి చరిత్ర

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ఉపన్యాసము)



మహాభారతమున అరణ్యపర్వములో, నలోపాఖ్యానమునందు ఒక ప్రయాణము వర్ణింపబడినది. రాజ్యము గోల్పోయి, రూపము మాఱి, బాహుకుడను పేర అయోధ్యలో సారథిగా బ్రతుకుచున్న నలుడు తన ప్రభువైన ఋతుపర్ణుని ఒక్క పగటిలో విదర్భకు చేర్పవలసి వచ్చెను. అతడు అశ్వశాలకు బోయి బక్కచిక్కిన గుఱ్ఱములను ఏఱికొనెను. ఇవి ఇంతదూర మెట్లు లాగునని రాజు శంకించెను. రథము కదలిన పిదప ఆ శంక నిలువలేదు. దారిలో రాజు ఉత్తరీయము జాఱిపడెను. దానిని తెచ్చుకొనుటకై రథము నాపుమని రాజు కోరగా, అది యప్పటికే యోజనము వెనుకబడినదని సారథి తెలిపెను.

ఇంతవఱకు అందఱెఱిగినదే. పిదప జరిగినది అంతగా తలపునకు రాదు. దారిప్రక్కనున్న తాండ్రచెట్టును చూచి ఋతుపర్ణుడు దాని ఆకులను, కాయలను నిలిచిన చోటనే లెక్క చెప్పెను. నలుడు రథము దిగి, ఎంచి చూచి, లెక్క సరిపోవుటకు ఆశ్చర్యపడెను. అక్షహృదయమను ఆ సంఖ్యావిద్యను తనకిమ్మనియు, ప్రతిగా తన అశ్వహృదయమును ఇత్తుననియు పలికెను. ఋతుపర్ణుడు తన విద్యను అప్పుడే యిచ్చెను. తాను పుచ్చుకొనవలసిన దానిని మాత్రము, కొంతకాలము నీయొద్దనే నిక్షేపముగా నుండనిమ్మనెను.

పద్దులు వ్రాయువారికి ఈ నిక్షేపమను మాటయందు ఒక రుచి కలదు. ధనము ఒకని ఖాతాలో జమపడవలెనన్న వేఱొకని ఖాతాలో ఖర్చు పడవలెను. విద్యకు ఆ నియమము లేదు. అది యిచ్చినవానియొద్దను, పుచ్చుకొన్నవానియొద్దను నిండుగనే యుండును. అయితే పుచ్చుకొన్నవాడు దానిని వాడి, పెంచి, మఱియొకరికి అందింపనిచో అది నిక్షేపమై భూమిలోనే యుండిపోవును. గ్రంథాలయములు పుట్టినది అందులకే. పుస్తకమును ఎరువు తీసికొనిపోయిన పాఠకుడు గడువునాటికి తిరిగి యిచ్చివేయును. చదివినది మాత్రము వానియొద్దనే నిలుచును.

ఈ సభలో చెప్పదలచినది అట్లు ఎరువు తెచ్చి స్వంతము చేసికొన్న ఒక విద్య కథ. ఈ కథలోను గుఱ్ఱములున్నవి. కాని అవి రెండువేల ఆఱువందలు, అన్నియు ఒక్క ఇనుపపెట్టెలో నున్నవి.

భారతీయ రైలుమార్గములపై 1962వ సంవత్సరము మొదలు అర్ధశతాబ్దమునకు పైగా పనిచేసిన ఒక డీజిలు ఇంజను జాతి కలదు. దాని పేరు డబ్ల్యు.డి.యం.-2. వినుటకు బీజాక్షరములవలె నున్నను దీని అర్థము సులభము. 'డబ్ల్యు' అనగా విస్తృతమార్గము. ఆ మార్గమున పట్టాల నడిమి దూరము అయిదడుగుల ఆఱంగుళములు, నేటి కొలతలో 1,676 మిల్లీమీటర్లు. 'డి' అనగా డీజిలు. 'యం' అనగా మిశ్రము, అనగా గూడ్సుబండికిని ప్రయాణికుల బండికిని సమముగా పనికివచ్చునది. '2' అనగా ఆ తరగతిలో రెండవ జాతి. దీని బలము 2,600 అశ్వబలములు, బరువు సుమారు 113 టన్నులు, పరమవేగము గంటకు 120 కిలోమీటర్లు. డెబ్బదియైదు కిలోల బరువును ఒక్క సెకనులో ఒక మీటరు ఎత్తునకు లేపగల బలము ఒక అశ్వబలము. దీనిని తలచుకొన్నచో ఆ 2,600 ఎంతటిదో ఊహకందును.

ఈ జాతి ఏ కొఱతను తీర్చుటకు వచ్చెనో తెలియవలెనన్న దానికి పూర్వము రాజ్యమేలిన ఆవిరియింజనును తలచుకొనవలెను. 1853వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన బొంబాయినుండి ఠాణాకు తొలి ప్రయాణికుల బండి నడచినది మొదలు నూఱేండ్లు ఆవిరిదే ప్రాభవము. దాని కూత, దాని బుసలు, నిప్పులు గ్రక్కుచు చీకటిలో వచ్చు దాని రూపము చూచిన వారికి మఱపునకు రావు. కాని సౌందర్యము వేఱు, పద్దు వేఱు. బొగ్గులో నిమిడియున్న శక్తిలో నూటికి పదిపాళ్ళయినను చక్రమునకు చేరెడిది కాదు. తక్కినదంతయు పొగగొట్టమునుండి ఆకాశమునకు దానమయ్యెడిది. మాటిమాటికి నీటికై నిలువవలెను. బూడిద తీయవలెను. చల్లారిన యింజనును మరల కదలింపవలెనన్న గంటలకొలది నిప్పు రాజవేయవలెను. ఎండకాలములో ఆ కొలిమి యెదుట నిలిచి, ఊగుచున్న పలకపై పాదములు నిలద్రొక్కుకొని, పారతో బొగ్గు వేయుచు బ్రతికిన ఫైర్‌మాన్ కష్టము ఏ పద్దులోను వ్రాయబడలేదు.

రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1890 దశకమున ఒక క్రొత్త యంత్రమును నిర్మించెను. 1897 నాటికి అది చక్కగా పనిచేసెను. దాని కిటుకు సైకిలుకు గాలికొట్టిన ప్రతి బాలునికి తెలిసినదే. గాలిని అదిమినకొలది పంపు వేడెక్కును. మిక్కిలిగా అదిమి వేడెక్కించిన గాలిలోనికి సన్నని ధారగా నూనెను చిమ్మినచో నిప్పురవ్వ లేకయే అది భగ్గుమని మండి ముషలకమును త్రోయును. ఈ పద్ధతిలో ఇంధనములోని శక్తి వృథాయగుట ఆవిరికంటె చాల తక్కువ. నీటితొట్టి కొఱకు ఆగనక్కఱలేదు. నిప్పు రాజవేయు పని లేదు. మీట త్రిప్పిన కొలదికాలమునకే యంత్రము సిద్ధము.

అయితే ఈ యంత్రమున కొక అవలక్షణము కలదు. అది నిలిచియున్న స్థితిలో బరువును కదలింపజాలదు. ముందు తాను తిరుగుచుండవలెను. డబ్ల్యు.డి.యం.-2 లోని డీజిలు యంత్రము ఊరక నున్నపుడు నిమిషమునకు 400 పర్యాయములు, పూర్తిబలముతో నున్నపుడు 1,000 పర్యాయములు తిరుగును. అంతకు తక్కువైన ఆగిపోవును. బరువుబండి లాగువారికి కావలసినది దీనికి నేరుగా విరుద్ధము. బురదలో దిగబడిన బండిని తీయు ఎద్దులు తొలి యడుగులోనే సత్తువయంతయు చూపవలెను. బండి కదలిన పిదప అంత బలము అక్కఱలేదు, నడక చాలును. రైలుబండియు నట్లే.

ఈ చిక్కును తీర్చుటకు నడుమ విద్యుత్తును మధ్యవర్తిగా నిలిపిరి. డీజిలు యంత్రము చక్రములను త్రిప్పదు, జనరేటరును త్రిప్పును. జనరేటరు విద్యుత్తును పుట్టించును. ఆ విద్యుత్తు తీగలవెంట పోయి ఇరుసులకు తగిలించిన ఆఱు మోటారులను త్రిప్పును. నిలిచియున్నపుడే మిక్కిలి బలముతో లాగుట మోటారునకు స్వభావసిద్ధమైన గుణము. పదునాఱు సిలిండర్ల డీజిలు యంత్రము, ఒక జనరేటరు, ఆఱు ఇరుసులు, ఆఱు మోటారులు: ఇదియే డబ్ల్యు.డి.యం.-2 శరీరము. అందువలననే దీనిని డీజిలు-విద్యుత్ ఇంజను అందురు. డ్రైవరు చేతిలోని పిడికి ఎనిమిది మెట్లు. మొదటి మెట్టుతో బండి నెమ్మదిగా ఒరసికొనుచు కదలును. ఎనిమిదవ మెట్టునకు చేరునప్పటికి యంత్రము గర్జించును.

ఇంతకును దీనిలో చక్రమును త్రిప్పునది విద్యుత్తే యన్నమాట. నూనె ఆ విద్యుత్తును పుట్టించు వంటచెఱకు మాత్రమే. ఈ యొక్క సంగతిని గుర్తుంచుకొన్నచో ఈ కథ చివఱ ఏమి జరిగెనో తేటపడును.

భారతదేశమునకు ప్రధానమార్గములకై డీజిలు ఇంజనులు వచ్చుట 1957వ సంవత్సరమున ఆరంభమైనది. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమున షెనెక్టడీ పట్టణములోని అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ, దానినే సంక్షేపముగా ఆల్కో యందురు, వానిని పంపెను. అవి డబ్ల్యు.డి.యం.-1 జాతివి, మొత్తము నూఱు. అవి చక్కగనే పనిచేసినవి. కాని వానికి డ్రైవరు గది ఒక్క కొననే యుండెడిది. గమ్యము చేరిన పిదప ఇంజనును వెనుకకు త్రిప్పుటకు ఏర్పాటు కావలసి వచ్చెడిది. 1962లో అదే సంస్థనుండి రెండవ జాతి దిగెను. దీని గది ఒక కొనకు దగ్గఱగా నున్నను, ఇరుదిశలకును చూచి నడపుటకు వీలుగా నిర్మింపబడినది. ఇక్కడను లోపము లేకపోలేదు. పొడుగాటి యంత్రపు పెట్టె ముందుండునట్లు నడపునపుడు డ్రైవరునకు త్రోవ ఒక ప్రక్కగానే కానవచ్చును. అయినను ఇంజనును త్రిప్పవలసిన బెడద తప్పినది.

ఇంతవఱకు ఇది కొనుగోలు కథ. కొన్నవాడు యజమాని యగును గాని విద్వాంసుడు కాడు. పుస్తకములు కొని బీరువా నింపినవాడు పండితుడు కానట్లే ఇదియును.

విద్య ఆరంభమైనది కాశిలో. విద్యకై కాశికి పోవుట ఈ దేశమునకు క్రొత్త గాదు. ఈసారి అక్కడ వెలసినది డీజిలు రైలింజనుల కర్మాగారము. దాని పునాదిఱాయిని 1956లో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ వేసిరి. 1961లో కర్మాగారము రూపు దాల్చినది. ఆల్కో సంస్థ సహకారముతో, దాని నమూనా పటములతో పని సాగినది. 1964వ సంవత్సరము జనవరి 3వ తేదీన, ఆ సీమలోనే పుట్టిపెరిగిన లాల్ బహదూర్ శాస్త్రి అచ్చట సిద్ధమైన తొలి యింజనును జాతికి అంకితము చేసిరి. దానికి 'కుందన్' అని పేరిడిరి. తెలుగువారికి అది కుందనము, అనగా పుటము వేసిన మేలిమి బంగారము. దాని సంఖ్య 18233.

ఆ తొలి కుందనములోని బంగారము పూర్తిగా స్వదేశపుది కాదని ఒప్పుకొనుట ధర్మము. మొదట విదేశమునుండి భాగములను తెచ్చి ఇచ్చట కూర్చిరి. పిదప భాగములనే ఒకటొకటిగా ఇచ్చట చేసిరి. ఓనమాలు దిద్దు బాలునికి మొదట గురువు చేయి పట్టును. కొంతకాలమునకు చేయి వదలును. ఆ తరువాత బాలుడు తన వ్రాలు తాను వ్రాయును. ఈ మూడు దశలును కాశిలో జరిగినవి. మోటారులు, జనరేటరులు భోపాలు నగరమునందలి ప్రభుత్వ విద్యుద్యంత్ర కర్మాగారమునుండి రాసాగినవి. ఈ జాతి ఇంజనులు 1998 వఱకు తయారగుచునే యుండినవి. మొత్తము రెండువేల అయిదువందలకు పైబడినవి. దేశములో ఏ డీజిలు ఇంజను జాతియు అంతకు మున్ను ఇంతగా పెరుగలేదు.

ఈ నడుమ గురుస్థానమున నేమి జరిగినదో చూడవలెను. అమెరికా దేశపు విపణిలో ఆల్కో తన ప్రత్యర్థులకు నిలువలేక 1969లో రైలింజనుల తయారీని ముగించి మూతపడెను. దాని నమూనాల హక్కులు కెనడాలోని మాంట్రియల్ కర్మాగారమునకు సంక్రమించినవి. షెనెక్టడీలో కొలుములు చల్లారినవి. కాశిలో ఆ సంస్థ నమూనాయే మఱి ముప్పదియేండ్లు ఉక్కులో పోతపోయబడుచుండెను. ఇచ్చినవాడు పోయెను, ఇచ్చినది నిలిచెను. ఇంజనులను మాత్రమే కొని, విద్యను కొనకుండిన యెడల 1969 తరువాత విడిభాగములకై ఎవరి గుమ్మము త్రొక్కవలసి యుండెడిదో ఊహించుకొనవచ్చును. నిక్షేపము విలువ తెలియునది ఇట్టి సమయముననే.

ఆంధ్రదేశమునకు ఈ జాతితో నిజమైన చుట్టఱికము కలదు. బస్తరు ప్రాంతమున బైలడిల్లా కొండలలో ఇనుపరాయి గలదు. దానిని విశాఖపట్టణపు రేవునకు చేర్చి జపానుకు పంపుటకై 1960 దశకమున కొత్తవలసనుండి కిరండూలు వఱకు కొండలను తొలచి రైలుమార్గము నిర్మించిరి. అనంతగిరి, అరకు ప్రాంతములగుండ పోవు ఆ మార్గమున ఏబదికి పైగా సొరంగములున్నవి. అందలి శిమిలిగుడ స్టేషను సముద్రమట్టమునకు 996 మీటర్ల ఎత్తున నున్నది. ఆ కాలమున దేశమునందలి విస్తృతమార్గములలో అదియే అత్యున్నతమైన స్టేషను. ఆ యెక్కుడు దిగుడులలో బండ్లను నడపిన భారము విద్యుత్తు వచ్చువఱకు డీజిలు ఇంజనులదే. వాల్తేరున వానికై షెడ్డు వెలసినది. మొదటి జాతియు, తరువాత రెండవ జాతియు అక్కడ సేవచేసినవి.

ఆ మార్గపు విశేష మేమనగా, ఇనుపరాతితో నిండిన బండి కొండమీదినుండి సముద్రమువైపు దిగవలెను. ఎక్కుట కష్టమని అందఱును తలతురు. దిగుటయే కష్టమని బండితోలు ప్రతివాడు ఎఱుగును. పల్లమున నిండుబండిని నిలద్రొక్కుకొనలేని ఎద్దులు దానిక్రిందనే పడును. చక్రమునకు ఒరపిడి బ్రేకును మాత్రమే నమ్మి గంటకొలది దిగినచో ఇనుము ఎఱ్ఱగా కాగి పట్టు విడుచును. డీజిలు-విద్యుత్ ఇంజనునందు దీనికొక చక్కని ఉపాయము కలదు. దిగునపుడు డ్రైవరు మోటారుల పనిని తలక్రిందులు చేయును. అంతవఱకు విద్యుత్తును తిని చక్రమును త్రిప్పిన మోటారు, ఇప్పుడు చక్రముచే త్రిప్పబడి తానే విద్యుత్తును పుట్టించును. అట్లు పుట్టించుటకు శ్రమ కావలెను గనుక చక్రము నెమ్మదించును. పుట్టిన విద్యుత్తును నిరోధకములైన లోహపు పలకలలోనికి పంపి వేడిగా మార్చి గాలిలో విడిచెదరు. లాగినదియే నిలిపినది యగుట ఇందలి చమత్కారము. మఱియు నొక్క డ్రైవరు తీగల సంబంధముచే రెండు మూడు ఇంజనులను కలిపి ఒక్క చేతితో నడపగలడు. ఆవిరి కాలమున ఇంజనుకొక జట్టు వలసియుండెడిది.

1976లో ఆంధ్రదేశపు రాజధానినుండి ఢిల్లీకి ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్ ప్రారంభమైనది. రాష్ట్ర విభజన పిమ్మట 2015లో ఆ బండికి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అను పేరు వచ్చినది. ఆనాడు అట్టి దూరపు బండ్లను లాగినది ఈ జాతియే. కాజీపేట, గుత్తి, విజయవాడ షెడ్లలో వేలమంది పనివారు ఈ యింజనుల నాడిని చేతితో పట్టి చూచి రోగము చెప్పగలవారైరి. నూనెచుక్క రంగునుబట్టి, పొగ వర్ణమునుబట్టి, సిలిండరు ధ్వనినిబట్టి లోపము నెఱుగుట వారికి అలవడినది. నలుడు గుఱ్ఱపు సుళ్ళను చూచి దాని సత్తువను చెప్పినట్లే వీరును చెప్పెడివారు. పుస్తకమున నున్న విద్య చేతిలోనికి దిగినప్పుడే అది హృదయమగును. అశ్వశాస్త్రమునకును అశ్వహృదయమునకును గల భేద మిదియే.

ఇక జమ వ్రాసిన చేతితోనే ఖర్చును వ్రాయవలెను. లేనిచో అది పద్దు కాదు, స్తోత్రము.

మొదటి ఖర్చు మనుష్యులది. చిత్తరంజన్ కర్మాగారమున ఆవిరియింజనుల తయారీ 1972లో ముగిసినది. విస్తృతమార్గమున నిత్యము నడచిన ఆవిరిబండ్ల చరిత్ర 1995తో ముగిసినది. బొగ్గు వేయుట, బాయిలరు కడుగుట, బూడిద తీయుట, నీటి గొట్టములను కాచుట అను వృత్తులు మాయమైనవి. ఫైర్‌మాన్ పదవి డీజిలు సహాయకుడుగా మాఱినది. కొలిమివేడి తప్పినది నిజమే. కాని జీవితమంతయు నేర్చిన నేర్పు ఒక్కమాఱుగా అక్కఱకు రాకపోవుట చిన్న దుఃఖము కాదు. నడివయసులో క్రొత్త విద్య నేర్చినవారు నిలిచిరి. నేర్పువారు దొరకనివారు వెనుకబడిరి.

రెండవ ఖర్చు నూనెది. బొగ్గు ఈ నేలలోనిది, నూనెలో మిక్కిలి భాగము పరదేశములది. 1973లో అరబ్బు దేశములు నూనె సరఫరాను బిగించినపుడు కొలదినెలలలో దాని వెల దాదాపు నాలుగింతలైనది. ఒక్కొక్క ఇంజను తొట్టిలో పట్టునది 5,000 లీటర్లు. వందలకొలది ఇంజనుల ఆకలి ఎంతటిదో ఆ యేడు ఖజానాకు తెలిసివచ్చినది. నల్లని పొగయును ఈ జాతికి మచ్చయే. డ్రైవరు మెట్టు పెంచినపుడు నూనె ముందు చేరును, దానికి చాలినంత గాలిని నెట్టు టర్బో యంత్రము కొంత ఆలస్యముగా వేగమందుకొనును. ఆ నడిమి కాలమున సగము కాలిన నూనె మసియై వెడలును.

మూడవ ఖర్చు సూక్ష్మమైనది. ఇంజనుల బలమును 3,100 అశ్వబలములకు పెంచుట, జనరేటరు స్థానమున ఆల్టర్నేటరును నిలుపుట, ఇంధనము పొదుపగునట్లు సవరించుట మొదలగు మేలిమి పనులు ఇచ్చటివారే చేసిరి. అది పొగడదగినదే. కాని లోకము ముందుకు సాగుచుండగా ముప్పదియేండ్లకు పైగా మూలమున ఆ యొక్క నమూనానే నమ్ముకొని యుండుటయు జరిగినది. కడకు 1995లో మఱియొక అమెరికా సంస్థయైన జనరల్ మోటార్సుతో 4,000 అశ్వబలముల క్రొత్త జాతికై మరల ఒడంబడిక చేసికొనవలసి వచ్చెను. ఒక్క గ్రంథమును నూఱుమాఱులు చదివి కంఠస్థము చేసినవాడు ధన్యుడే. కాని రెండవ గ్రంథమును తెఱవనివాడు ఆ మొదటిదాని హద్దులోనే నిలిచిపోవును. ఎరువు తెచ్చుకొనుట తప్పుగాదు. ఎరువు తెచ్చినదానికి ఏమి చేర్చితిమన్నదే ప్రశ్న.

ఇక తుదిపద్దు. గడచిన దశాబ్దమున విస్తృతమార్గములన్నిటిని విద్యుదీకరింప వలెనను సంకల్పము వేగముగా సాగినది. తీగలు పఱచిన కొలదిని డీజిలు ఇంజనులకు పని తగ్గినది. డబ్ల్యు.డి.యం.-2 జాతిలో మిగిలినవి కొన్ని 3,100 అశ్వబలముల జాతిగా మార్చి కట్టబడినవి. తక్కినవి క్రమముగా విశ్రాంతి పొంది తుక్కుగా అమ్ముడుపోయినవి. వచ్చినవానిలో మొదటిదైన 18040 ఢిల్లీలోని జాతీయ రైలు ప్రదర్శనశాలకు చేరినది. కుందన్ తాను పుట్టిన కర్మాగారముననే నిలిచినది. ఆ కర్మాగారమునకు 2020లో బనారస్ రైలింజను కర్మాగారమని పేరు మార్చిరి. అచ్చట నిప్పుడు ప్రధానముగా తయారగునవి విద్యుత్ ఇంజనులు.

అయినచో అరువదియేండ్ల విద్య వృథాయైనదా? వృథాయైనదనుకొనుట తొందరపాటు. చక్రమును త్రిప్పినది మొదటినుండియు విద్యుత్తే యని ఇంతకుముందు చెప్పుకొన్న సంగతి ఇచ్చట పనికివచ్చును. 1970 దశకారంభమున చిత్తరంజనులో డబ్ల్యు.ఎ.యం.-4 అను విద్యుత్ ఇంజనును కట్టినపుడు దాని క్రింది చట్రములకు ఈ డీజిలు జాతి చట్రముల నమూనానే గ్రహించిరి. అనగా క్రొత్తదాని కాళ్ళు పాతదానివే. నేడు కాజీపేట, గుత్తి, విశాఖపట్టణపు డీజిలు షెడ్లలో విద్యుత్ ఇంజనులకును మరమ్మతు జరుగుచున్నది. వానిలోని మోటారుల పద్ధతి మాఱినమాట నిజము, నేర్వవలసినది చాల నున్నది. కాని మోటారును విప్పి, తుడిచి, పరీక్షించి, మరల బిగించు చేతికి ఆ నేర్పు ఆకాశమునుండి ఊడిపడలేదు. డీజిలు దినములలో ఆ షెడ్లలో నాటబడిన వేరు అది. ఋతుపర్ణుడు నిక్షేపముగా నుంచిన విద్యను సమయము వచ్చినపుడు తిరిగి అందుకొనెను. ఇచ్చటను ఆ నిక్షేపమే మాఱిన రూపమున చేతికందినది.

ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమునకు ఈ ఇంజను కథ చెప్పునది ఒక్కటే. అట్టలు చినుగును, బీరువాలు పాతబడును, కొన్ని పుస్తకములను చదువువారు తగ్గుదురు. ఇనుము తుక్కగును, కాగితము చెదలగును, వానికై విలపింప నక్కఱలేదు. ఎరువు తీసికొన్నవారి జాబితాలో ఎవరి పేరున ఏ పుస్తకము ఖర్చు వ్రాయబడెనో తెలియును. వారిలో ఎవరు ఏమి నేర్చి, ఎవరికి నేర్పిరో మాత్రము ఏ రిజిస్టరును చెప్పజాలదు. ఆ వ్రాయబడని పద్దే గ్రంథాలయపు నిజమైన నిల్వ. రాబోవు ఇరువదియైదేండ్లలో ఆ నిల్వ పెరుగుగాక యని కోరుచు ఈ ఉపన్యాసము ముగింపబడుచున్నది.

స్వస్తి.